పాత పెట్టెకు కొత్త చూపు

భిలాయ్ ఉక్కు కర్మాగారంలో 36 ఏళ్లు పనిచేసి రిటైరైన తెలుగు పెద్దాయన ఒకరు మొన్న వేసవిలో ఫోన్ చేశారు. "బాబూ, మా కంప్యూటర్‌కి చూపు పోయింది" అన్నారు. మొదట తెర మీద రంగురంగుల నిలువు గీతలు కనిపించాయట. రెండు రోజులకు అక్షరాల చుట్టూ చుక్కలు. మూడో రోజుకు చీకటి. ఫ్యాను మాత్రం తిరుగుతోంది, విండోస్ మొదలయ్యేటప్పటి సంగీతం కూడా వినిపిస్తోంది.

బజారులో రిపేరు కుర్రాడు పది నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు: "మదర్‌బోర్డు పోయింది అంకుల్‌జీ. ఇంత పాతది ఎక్కడా దొరకదు. కొత్త సిస్టమ్ తీసుకోండి."

కొత్తది కొనలేక కాదు ఆయన బాధ. ఆ పెట్టె 2009 నాటిది. విండోస్ ఎక్స్‌పీ మీద, పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో టైపు చేసిన కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. తెలుగు సంఘం ఉగాది సంచికలు, సభ్యుల చిరునామాలు ఉన్నాయి. ప్లాంటు కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తొలితరం వాళ్లు చెప్పగా ఆయన రాసుకున్న అనుభవాలూ ఉన్నాయి. చెప్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. అవి లేని కంప్యూటర్‌లో ఆ ఫైళ్లు తెరిస్తే అర్థంలేని గుర్తులు తప్ప తెలుగు కనబడదు.

అసలేం జరిగింది? మన ఇళ్లలోని చాలా కంప్యూటర్లకు బొమ్మను తెర మీదికి పంపడానికి విడిగా కార్డు ఉండదు. ఖర్చు తగ్గించడానికి కంపెనీలు ఆ పనిని మదర్‌బోర్డు మీది చిప్‌కే అప్పగించాయి. దానికి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌లోంచే కొంత వాడుకుంటుంది. వేరే పొయ్యి లేని ఉమ్మడి కాపురం అన్నమాట. ఇంటెల్ 2010 నుంచి ఈ భాగాన్ని ప్రాసెసర్‌లోకి మార్చింది. పెద్దాయన పెట్టెలో ఉన్నది అంతకు ముందు తరం జీ41 చిప్. దాని మీద ఫ్యాను లేదు, చిన్న హీట్‌సింక్ ఉందంతే. మే నెల ఎండకు సన్నటి దుమ్ము తోడైంది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారే చిప్ కింద అతుకులు బీటలు వారతాయి. ఇది పెద్ద కంపెనీలకూ తప్పలేదు. తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్‌లలో బయటపడ్డ లోపాల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు కేటాయిస్తున్నట్టు ఎన్‌విడియా 2008 జులైలో ప్రకటించింది.

ల్యాప్‌టాప్‌లో చిప్ పోతే మార్చడం కష్టం. డెస్క్‌టాప్‌లో మాత్రం పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటే దారి ఉన్నట్టే. ముందు మామూలు అనుమానాలు తీర్చుకున్నాం. వేరే మానిటర్ పెట్టాం, కేబుల్ మార్చాం, ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో తుడిచి మళ్లీ బిగించాం. లాభం లేకపోయింది. చివరికి రాయ్‌పూర్‌లోని ఓ సెకండ్‌హ్యాండ్ దుకాణంలో జీఫోర్స్ 210 కార్డు దొరికింది. ఇప్పటి కార్డులకు ఎక్స్‌పీ డ్రైవర్లు రావు, అందుకే ఆ కాలపుదే వెతకాల్సి వచ్చింది. అది వాడేది 30 వాట్లే. స్లాట్ 75 వాట్ల వరకు ఇవ్వగలదు కాబట్టి పాత పవర్ సప్లయ్ సరిపోయింది.

కార్డు బిగించాక మానిటర్ కేబుల్‌ను బోర్డు నుంచి తీసి కార్డుకు తగిలించాలి. ఇది మరిచిపోతే మంచి కార్డు కూడా పాడైనట్టే కనిపిస్తుంది. చాలా బోర్డులు కార్డును గుర్తించగానే సొంత గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. ఆపకపోతే బయోస్‌లో మార్చాలి. మాకు ఆ అవసరం రాలేదు. తెర వెలిగింది. ఆయన మొదట తెరిచింది 2011 ఉగాది సంచిక.

అయితే ఇది శాశ్వత వైద్యం కాదు. ఈ తరం బోర్డుల్లో గ్రాఫిక్స్‌నూ, ర్యామ్‌నూ నడిపేది ఒకే చిప్. రేపు బీట పెరిగితే ఏ కార్డూ కాపాడలేదు. మేం కొనుక్కున్నది కొంత గడువే. ఆ మాట చెబితే పెద్దాయన నవ్వారు. "ఫర్నేసుకు క్యాపిటల్ రిపేర్ లాంటిదన్నమాట!" భిలాయ్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. లోపలి ఇటుకలు అరిగాయని ఎవరూ ఫర్నేసును కూలగొట్టరు. ఆపి, ఇటుకలు మార్చి, మళ్లీ వెలిగిస్తారు. కొత్త ఇటుకలకూ ఆయుష్షు ఉంటుందని అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు.

అందుకే ఆ వారమే ఫైళ్లన్నీ రెండు చోట్లకు కాపీ చేశాం. ఇప్పుడాయన వాటిని యూనికోడ్‌లోకి మారుస్తున్నారు. మార్పిడిలో వత్తులు, గుణింతాలు తప్పుతుంటే కూర్చుని దిద్దుతున్నారు. రోజుకు నాలుగు పేజీలు.

రిపేరు కుర్రాడిది మోసం అనలేను. పాత బోర్డు ముందు గంట కూర్చుంటే అతనికి గిట్టుబాటు కాదు, కొత్తది అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, ఆ ఏడాది చివర్లో పోర్టల్ తెరిచింది. మంచిదే. కానీ బాగుచేసేవాడికి బాగుచేయడంలో బతుకు దొరక్కపోతే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

మీ ఇంట్లో తెర చీకటైతే పెట్టెను తూకానికి వేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి. పోయింది చూపా, ప్రాణమా?