తీరిక వేళ: పట్టూ విడుపూ

1990 దశకంలో మన టౌన్‌షిప్ క్వార్టర్ల అరుగుల మీద పిల్లలు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. మల్లయోధుల ట్రంప్ కార్డులతో ఆడుకొనుట పాఠకులలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఎత్తు, బరువు, ఛాతీ కొలత, గెలిచిన పోటీలు - ఏదో ఒక అంకె పలుకుట, పెద్ద అంకె గలవాడు ఎదుటివాని కార్డు లాగుకొనుట, అంతే ఆట. కార్డు చేతికి వచ్చిన క్షణమే సగం ఫలితం తేలిపోయేది. మా పరిభాషలో చెప్పవలెనంటే అది స్థితిశాస్త్రం. ఆ మల్లయోధులే వీడియో ఆటలోనికి వచ్చుసరికి అది గతిశాస్త్రం కావలసి ఉంటుంది. ఆ మార్పును సవ్యంగా సాధించిన ఆటలు కొద్ది. వానిని గురించి ఈ మాసం ముచ్చటించుకొందాము.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. ప్రొఫెషనల్ రెజ్లింగ్ అన్నది ఫలితాన్ని ముందే నిర్ణయించుకొని ప్రదర్శించే కుస్తీ. కీచకుడు చచ్చునని తెలిసియే జనం తెల్లవార్లూ వీధినాటకం చూచినట్లు, దానినీ చూస్తారు. ఒక మల్లుడు మరొకనిని భుజాలపైకి ఎత్తవలెనంటే ఆ రెండవవాడు సహకరించి ఎగురవలెను. వీడియో ఆటలో రెండవ మీటలపెట్టె పట్టుకొన్నవాడు సహకరించునా? గెలువవలెననియే చూచును. సహకరించని ఇద్దరిచేత రక్తికట్టే నాటకం ఆడించుట ఆట రూపకర్తకు వచ్చిన అసలు సమస్య.

దీనికి చక్కని పరిష్కారం కనుగొన్నవారు జపానుకు చెందిన మసాటో మసుడా. నింటెండో యంత్రానికై 1986లో వచ్చిన ‘ప్రో రెజ్లింగ్’ వారిదే. పిమ్మట 1989లో పి.సి. ఇంజిన్ యంత్రానికై ‘ఫైర్ ప్రో రెజ్లింగ్’ ఆరంభించారు. ఇందులో ఇద్దరు మల్లులూ దగ్గరకు రాగానే తమంతట తామే పట్టు కలుపుకొంటారు. కలిసిన ఆ క్షణముననే మీట నొక్కవలెను. ముందు నొక్కినా, ఆత్రముతో దడదడ నొక్కినా పట్టు ఎదుటివానిదే. మొదట చిన్న పట్లతో అలసట కలిగించి, తరువాత మధ్యరకం, ఆఖరున పెద్ద పట్టు వేయవలెను. తొందరపడి ఆరంభంలోనే పెద్ద పట్టు ప్రయత్నిస్తే అది మనపైకే తిరుగును. అందుచేత గెలుపు కోరి ఆడేవాడు తనకు తెలియకుండానే నాటకానికి కావలసిన ఆరోహణ క్రమాన్ని పాటిస్తాడు. తెరమీద బలాన్ని చూపే గీత ఏదీ లేదు. శ్వాస తీసుకొనుటకు మాత్రం ఒక మీట కలదు. మల్లుడు నిలబడిన తీరు చూచి అలసట గ్రహించవలెను. మీటరు లేనిచోట బేరింగు వేడిని చేతితో తాకి చూచిన తరం మాది. ఈ ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది.

రెండవది 2000లో నింటెండో 64 యంత్రానికి వచ్చిన ‘డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. నో మెర్సీ’. ఆ సంస్థ పేరు 2002లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ.గా మారినది. దీనిని నిర్మించిన జపాను సంస్థ ఎ.కె.ఐ.; 1997 నుండి వరుసగా ఇట్టి ఆటలు చేసి చేయి తిరిగినవారు. మీటను తాకి వదిలితే తేలిక పట్టు, అదిమి పట్టితే గట్టి పట్టు. పట్టు దొరికిన పిమ్మట దిక్కును బట్టి, మీటను బట్టి విన్యాసం మారును. దెబ్బను తిప్పికొట్టుటకొక మీట, పట్టును తిప్పికొట్టుటకొక మీట. ఇన్ని విన్యాసాలకు అంత కొద్ది మీటలు చాలుట మెచ్చదగినది. ఇక్కడ గీత ఒకటి ఉన్నది గాని అది ప్రాణబలాన్ని చూపదు, ఉత్సాహాన్ని చూపును. ప్రేక్షకుల వైపు తిరిగి చేతులూపినా పెరుగును; అయితే అలా ఊపుతున్నంత సేపూ ఒళ్లు శత్రువుకు అప్పగించినట్లే. నిండితే కొద్దిసేపు మాత్రం తన ప్రఖ్యాత పట్టు వేయుటకు వీలు కలుగును.

ఇటీవలి ఆటలలో బొమ్మలు నిజమైన మనుషులవలె చెమటలు కారుస్తున్నవి. సంతోషమే. కాని 2019లో వచ్చిన ఆట లోపాలతో నిండి అపహాస్యం పాలై, ప్రచురణకర్తలు మరుసటి ఏడు విరామమిచ్చి 2022లో గాని మరలా రాలేదు. చెమట సంగతి తరువాత చూడవచ్చును. మీట నొక్కిన క్షణం సరిగా ఉండవలెను.

మా మేనల్లుడు తన పాత నింటెండోను సంక్రాంతికి మా ఇంటికి తెచ్చినప్పుడు ‘నో మెర్సీ’ మేమూ ఆడితిమి. మొదటిరోజు ప్రతిసారీ మీట అదిమి పట్టుట, ఆలోపే ముఖాన గుద్దు తినుట. “మామయ్యా, మీరు వాల్వు తిప్పినట్లు నొక్కుతున్నారు. తాకి వదలండి” అన్నాడు. మూడవరోజు మమ్ము నేలకూల్చి, మా భుజాలు అదిమితే చాలునన్న దశలో, అదమక ప్రేక్షకులకు చేతులూపసాగినాడు. మేము లేచితిమి. వాని పట్టును తిప్పికొట్టితిమి. ఎన్నడూ టి.వి. వైపు చూడని మా శ్రీమతి గరిటెతో సహా వంటింటి నుండి వచ్చి నిలబడినది. మరి రెండు నిమిషాలలో ఓడినాము, అది వేరు సంగతి.

“కావాలనే వదిలావా?” అని అడిగితిమి.

“అప్పుడే పడుకోబెట్టేస్తే అత్తయ్య చూడటానికి ఏం మిగులుతుంది మామయ్యా?” అన్నాడు.

2017 నాటి ‘ఫైర్ ప్రో రెజ్లింగ్ వరల్డ్’లో గెలుపోటములతో పనిలేకుండా పోటీ రక్తికట్టిన తీరుకు శాతంలో మార్కులు వేస్తారని వాడే చెప్పినాడు. ఏకపక్షంగా చటుక్కున ముగించినవానికి తక్కువ మార్కులట. నూటికి ఎన్ని వచ్చేవో గాని, మా ఇంట ఆ సాయంత్రం పోటీ గురించి భోజనాల దాకా మాటలాగలేదు.

పండుగ సెలవులు ముగిసేనాటికి లెక్క: వాడు పదకొండు, మేము ఒకటి. ఆ ఒకటి ఎట్లు వచ్చినదో మేము అడుగలేదు.