చెంచా ఆయన చేతికే ఇవ్వండి

జబ్బు చేసేదాకా తన బట్టలు తనే ఉతుక్కున్న పెద్దాయన ఆసుపత్రిలో చేరతాడు. కూతురు అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. కొడుకు నీళ్లగ్లాసు నోటిదాకా తెస్తాడు. ‘లేవకండి, పడిపోతారు’ అంటుంది నర్సు. వారానికి జ్వరం తగ్గుతుంది కానీ మనిషి లేవడు. ‘నావల్ల కాదమ్మా’ అంటాడు. వయసైపోయింది కదా అని సరిపెట్టుకుంటారంతా.

తప్పంతా వయసుది కాదు, మంచానికీ అందులో వాటా ఉంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను 10 రోజులు మంచంమీదే ఉంచి చూసిన అమెరికా అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. ఏ జబ్బూ లేకపోయినా వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది!

కాళ్లతోపాటు మనసూ డీలాపడుతుంది. తానేం చేసినా ఫలితం లేదని పదేపదే అనుభవమైతే చేయగలిగిందీ మానేస్తాడు మనిషి. మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ‘నేర్చుకున్న నిస్సహాయత’ అన్నారు. 1967లో కుక్కల మీద ప్రయోగాలతో ఈ సంగతి చెప్పిన సెలిగ్‌మన్, మేయర్‌లే 2016లో తమ మాట సవరించుకున్నారు. తప్పించుకోలేని కష్టంలో చేతులెత్తేయడం మెదడుకు సహజమేననీ, నేర్చుకోవాల్సింది ‘ఇది నా చేతిలో ఉంది’ అన్న నమ్మకాన్నేననీ తేల్చారు.

ఆ నమ్మకం చిన్న పనులతోనే కలుగుతుంది. అమెరికాలోని ఓ వృద్ధుల నర్సింగ్‌హోమ్‌లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ చేసిన ప్రయోగం 1976లో అచ్చయింది. ఒక అంతస్తు వాళ్లకు ‘మీ బాగోగులు మీవే. కావాలంటే మొక్క ఎంచుకుని మీరే పెంచుకోండి’ అని చెప్పారు. మరో అంతస్తులో మొక్క చేతికిచ్చి, నీళ్లు నర్సులే పోస్తారన్నారు. మూడు వారాలకే మొదటివాళ్లు హుషారయ్యారు. రెండోవాళ్లలో ఎక్కువమంది నీరసించారు.

మన వార్డుల్లో మొక్కలు లేకపోయినా చెంచా, దువ్వెన ఉంటాయి. డాక్టరు సరేనంటే పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తననే తిననివ్వండి. బాత్‌రూమ్‌దాకా నడుస్తానంటే భుజం ఆసరా ఇవ్వండి, బెడ్‌పాన్ తేకండి. ఇడ్లీ కావాలో ఉప్మా కావాలో ఆయన్నే అడగండి. రాత్రి నిద్రపట్టిందా అని డాక్టరు అడిగితే ఆ జవాబు ఆయన్నే చెప్పనివ్వండి.

ఒలికిన చారు తుడవడానికి నిమిషం చాలు. మంచానికి అలవాటుపడ్డ మనిషిని మళ్లీ నడిపించడానికి నెలలు పట్టొచ్చు.