అవిధేయులకే గదా భూమి ఇచ్చింది!

మొన్న మా పల్లె చర్చిలో కోతపండుగ. గుమ్మడికాయలు, అరటిగెలలు, నాలుగు కోళ్ళు, ఒక మూట కందులు తెచ్చి బల్ల ముందు పెట్టారు మనోళ్ళు. తెచ్చినవాళ్ళలో సొంత చేను ఉన్నది ముగ్గురికో నలుగురికో. మిగతావాళ్ళంతా ఊళ్ళో ఆసాముల చేలల్లో కోతకెళ్ళి, ఆ కూలి డబ్బులతో కొనుక్కొచ్చి దేవుడికి పెట్టినవాళ్ళే. పొలం లేనోళ్ళు చేసుకునే కోతపండుగ మాది!

ఆ రోజు వాక్యం చెప్పటానికి టౌను నుంచి కారులో ఒక అయ్యగారు వచ్చారు. ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం తీశారు. మాట విన్నవాడికి పంటా పాడీ, విననివాడికి శాపాలు. అది పుస్తకంలో ఉన్నదే, కాదనను. ఆయన అక్కడితో ఆగలా. ఇశ్రాయేలీయులకు కనాను దేశం దక్కింది, మీకు సెంటు భూమి కూడా ఎందుకు దక్కలేదో గుండె మీద చెయ్యేసుకుని ఆలోచించుకోండి అన్నారు. తాగుడట, అవిధేయతట, దశమభాగం ఎగ్గొట్టటమట!

నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. చిన్నప్పట్నుంచీ నాట్లు వేసీ వేసీ నడుం వంగిపోయిన మనిషి. "నిజమే నాయనా, అంతా మా తప్పే" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏం తప్పు చేసింది? ఎవరి చేను ఆక్రమించింది? ఆ కన్నీళ్ళు చూశాకే ఇది రాస్తున్నా. అయ్యగారి మీద కోపం లేదని అబద్ధం కూడా ఆడను.

పూర్వజన్మలో పాపం చేశావు గనక ఈ జన్మలో మాలోడివయ్యావు, మాదిగోడివయ్యావు అన్నది బ్రాహ్మణ ధర్మం. ఆ మాట పడలేకే మన తాతలు చర్చి గడప తొక్కారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. వెనకనే మహా కరువు, ఒళ్ళు హూనం చేసుకుని బకింగ్‌హాం కాలవ తవ్విన కూలి బతుకు. వాళ్ళు పరిగెత్తుకొచ్చింది అదే శిక్షని ఇంకో పేరుతో వినటానికా? 'పూర్వజన్మ' అన్నమాట కొట్టేసి దాని మీద 'అవిధేయత' అని రాస్తే కర్మ సిద్ధాంతం కాస్తా సువార్త అయిపోద్దా?

నేను వేదాంత కళాశాల మొహం చూసినోణ్ణి కాదు. పిల్లలకి సోషలు చెప్పుకునే పంతుల్ని. చదువురాని మా అమ్మకి రాత్రిళ్ళు బైబిలు చదివి వినిపిస్తూ పెరిగినోణ్ణి. ఆ చదువుతోనే అడుగుతున్నా. 28వ అధ్యాయం దాకా వెళ్ళిన అయ్యగారికి 9వ అధ్యాయం కనపడలేదా? యొర్దాను దాటబోయే జనానికి మోషే అక్కడ ఒకే మాట మూడుసార్లు చెప్తాడు, నీ నీతిని చూసి ఈ దేశం నీకు ఇవ్వటం లేదని. నువ్వు మెడ వంచని జనానివి, ఐగుప్తులో బయల్దేరిన రోజు నుంచి తిరగబడుతూనే ఉన్నావని కూడా అంటాడు. మరి భూమి ఎందుకిస్తున్నట్టు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకి మాట ఇచ్చాడు గనక. భూమి ఆ మాట మీద వచ్చింది, మంచి నడవడికకి కూలిగా రాలేదు.

ఆ జనం చేసిన అవిధేయత చిన్నదా? మోషే కొండెక్కి నలభై రోజులు రాకపోయేసరికి బంగారు దూడని పెట్టుకుని మొక్కారు. ఆ దూడని పోతపోసింది ఎవరు? కూలోడు కాదు, తాగుబోతు కాదు. తర్వాత ప్రధాన యాజకుడైన అహరోను! అయ్యగార్లు ఈ సంగతి కాస్త గట్టిగా చెప్తే బాగుంటుంది. ఆ తర్వాత వేగులవాళ్ళ మాట విని, ఐగుప్తుకే పోదాం పదండి, అక్కడి బానిసత్వమే నయం అన్నారు. శిక్ష పడింది, నలభై ఏళ్ళు అరణ్యం. కాలేబు, యెహోషువ తప్ప ఇరవై ఏళ్ళు దాటినోళ్ళంతా అక్కడే రాలిపోయారు. అయినా భూమి మాట రద్దు కాలేదు. మా పిల్లలు దోపిడైపోతారని ఏ పిల్లల కోసం ఏడ్చారో ఆ పిల్లల చేతికే వచ్చింది.

అసలు సంగతి సంఖ్యాకాండం 27లో ఉంది. సెలోపెహాదు అనే ఆయనకి కొడుకుల్లేరు, ఐదుగురు కూతుళ్ళు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఆ ఆడపిల్లలు గుడారం గుమ్మం దగ్గర మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దల ముందు, జనమంతా చూస్తుండగా నిలబడ్డారు. మా నాయన కోరహు తిరుగుబాటులో లేడు, తన పాపానికి తను చచ్చిపోయాడు, మా వాటా మాకు ఇవ్వండి అన్నారు. గమనించండి! తండ్రి పాపం చేశాడని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. ఒప్పుకుని ఏడ్చారా? ఉపవాసం ఉన్నారా? దశమభాగం బాకీ కట్టి వస్తామన్నారా? భూమి అడిగారు. వాళ్ళు అడిగింది న్యాయమే, ఇవ్వమని దేవుడు మోషేతో చెప్పాడు.

కథ ఇంకా ఉంది. యెహోషువ 17లో ఆ ఆడపిల్లలే మళ్ళీ వచ్చి, మాకు ఇమ్మని మోషేకి ఆజ్ఞ అయింది గదా, ఏదీ మా వాటా అని అడగాల్సి వచ్చింది. అప్పుడు గానీ చేతికి రాలా. మా పల్లెలో డి-ఫారం పట్టా ట్రంకుపెట్టెలో దాచుకుని, పొలాన్ని గట్టు మీద నుంచి చూసొచ్చే వాళ్ళకి ఈ ముక్క విడమరిచి చెప్పక్కర్లేదు. కాగితం మనది, దున్నేది కామందు. దేవుడు ఇమ్మన్న భూమికే రెండుసార్లు తిరగాల్సి వస్తే తాశీల్దారు రాసిచ్చిన దానికి ఎన్నిసార్లు తిరగాలి?

మళ్ళీ 28వ అధ్యాయానికొస్తా, తప్పించుకున్నాననుకోకుండా. అందులో శాపం ఎవరికి? చేలూ మందలూ ఉన్నోడికి. ఇచ్చాక పాడు చేసుకుంటే పోద్ది అని. అసలు చేతికే రాని పొలాన్ని పోగొట్టుకున్నావని ఎవడికైనా శిక్ష వేస్తారా?

ఆ దేశం పోయిన మాట నిజం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోనువాళ్ళు యెరూషలేముని తగలబెట్టారు. ఎవరి అవిధేయతకి? ప్రవక్తల్నే అడుగుదాం. ఇంటికి ఇల్లు, చేనుకి చేను కలుపుకుంటూ పోయేవాళ్ళని యెషయా తిట్టాడు. పడుకుని పన్నాగం పన్ని తెల్లారి లేచి పక్కవాడి పొలం లాక్కునేవాళ్ళని మీకా తిట్టాడు. అంతకుముందు అహాబు రాజు నాబోతు ద్రాక్షతోట మీద కన్నేస్తే రాణి ఏం చేసింది? రాజముద్ర వేసి ఊరిపెద్దలకి కాగితం పంపింది. ఇద్దరు దొంగసాక్షుల్ని పెట్టారు. నాబోతుని రాళ్ళతో కొట్టి చంపారు. ముద్ర, పెద్దలు, దొంగసాక్షులు! మన రెవెన్యూ రికార్డుల కథ చదువుతున్నట్టు లేదూ? దేశాన్ని పోగొట్టింది పొలాలు మింగినోళ్ళ పాపం కూడా. దానికి చేను లేని ముసలామెని ఏడిపిస్తారా?

యెరూషలేము కూలినప్పుడు ఇంకొకటి జరిగింది. నేనైతే ఏ ప్రసంగంలోనూ వినలా. యిర్మీయా 39 చదవండి. పెద్దోళ్ళని సంకెళ్ళేసి బబులోనుకి తోలుకుపోయిన నెబూజరదాను, ఏమీ లేని బీదల్ని అక్కడే ఉండనిచ్చి వాళ్ళకి ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చాడు. శిక్ష దిగిన రోజే కూలోడికి చేను దక్కింది! ఇచ్చింది అన్యుడైతేనేం, రాసిపెట్టింది మాత్రం బైబిల్లోనే.

ఇందులో నాకు మింగుడుపడని ముద్ద కూడా ఉంది. కనాను ఖాళీ బీడు కాదు, అక్కడ మనుషులున్నారు. గిబియోనువాళ్ళు ప్రాణభయంతో మారువేషం వేసుకొచ్చి ఒడంబడిక చేసుకుంటే, మోసం చేశారని వాళ్ళని సమాజానికీ బలిపీఠానికీ కట్టెలు కొట్టేవాళ్ళుగా, నీళ్ళు మోసేవాళ్ళుగా చేశారు. తరతరాలకీ! ఈ వెట్టి ఎవరిదో మనకి తెలీదా? 1985లో కారంచేడు మొదలైంది కూడా చెరువు నీళ్ళ దగ్గరే. 'మనమే ఇశ్రాయేలు' అని పాట అందుకునేటప్పుడు నా గొంతు పట్టేసేది ఇక్కడే. ఆ కథలో మనం గిబియోనువాళ్ళం కూడా. అందుకే కొన్ని చర్చిల్లో ఇశ్రాయేలు జెండాలు కట్టి, 1948లో ఇళ్ళూ పొలాలూ పోగొట్టుకున్న ఏడు లక్షలమంది పాలస్తీనా జనాన్ని అవిధేయులని కొట్టిపారేస్తుంటే నేను ఆమెన్ అనలేను. ఒకణ్ణి నీళ్ళు మోసేవాణ్ణి చేసి ఇచ్చే భూమి నాకొద్దు. నేను అడిగేది నేను దున్నిన భూమి, ప్రభుత్వం నా పేర రాసిన భూమి.

ఇంకోటి. కనాను పంట నోట్లోకి వెళ్ళిన మర్నాడే మన్నా ఆగిపోయిందని యెహోషువ 5లో ఉంది. మనకి 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది, తర్వాత ఉచితం కూడా అయింది. ఆకలి తీరింది, కాదనను. కానీ మన మన్నా ఆగట్లేదంటే మన పంట మనకింకా రాలేదనే గదా!

ఎసైన్డు భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. వేరేవాడు దున్నుకుంటుంటే ఖాళీ చేయించి అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి అప్పగించే దారి అందులో ఉంది. వచ్చే ఆదివారం సాయంత్రం బడి అరుగు మీద కూర్చుంటా. డి-ఫారం పట్టా ఉండి పొలం చేతిలో లేనివాళ్ళు కాగితం నకలు, సర్వే నెంబరు, ఇప్పుడు ఎవరు దున్నుతున్నారో ఆ పేరు రాయించండి. చనిపోయినవాళ్ళ పేర ఉంటే కూతుళ్ళు కూడా రండి. సోమవారం అర్జీతో తాశీల్దారు ఆఫీసుకి పోదాం. టౌను అయ్యగారికి కూడా కబురు పంపించా, కారులో ఇద్దరు ముసలాళ్ళకి చోటుంటదేమోనని.