పేరునకు ముద్ర, ముద్రకు పరీక్ష

1923లో పట్టాభి సీతారామయ్యగారు బందరున ఆంధ్రా బ్యాంకును స్థాపించిననాడు రైతు తన ధనముంచిన ఇంటిని కన్నులార చూడగలిగెను. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకున కలిసిపోయినది. నేడు గుడివాడ రైతునకైనను బెజవాడ వర్తకునకైనను బ్యాంకు ద్వారము అంతర్జాలమునందలి ఒక పేరు మాత్రమే. ఆ పేరు మనలను అసలు ఇంటికే చేర్చునని నమ్ముటకు ఆధారమేమి?

కంప్యూటర్లు అంకెలనే ఎఱుగును. పేరు నడిగిన అంకెను చెప్పునది డొమైన్ నేమ్ సిస్టమ్. 1983లో దానిని రూపొందించినపుడు జవాబు ఎవరిదో పరీక్షించు ఏర్పాటు అందు లేకుండెను. జవాబు వెదకి తెచ్చు సర్వరు దానిని కొంతకాలము దాచి, అడిగినవారి కెల్ల అదియే చెప్పును. కాలువ మొదట విషము కలిసిన చివరి చేను వఱకు అదియే పాఱును గదా! అసలు జవాబుకంటె ముందుగా దొంగ జవాబు ఆ సర్వరును చేరిన యెడల, పేరు సరిగా వ్రాసినవారును దొంగ యింటికే పోవుదురు. ఈ మోసమెంత సులభమో 2008లో డాన్ కామిన్‌స్కీ లోకమునకు వెల్లడించెను.

దీనికి విఱుగుడు డీఎన్ఎస్‌సెక్. పేరుగలవారు తమ రహస్యపు తాళపుచెవితో జవాబుపై ముద్ర వేయుదురు. ముద్రను పరీక్షించు చెవిని బహిరంగముగా నుంచుదురు. ఆ చెవి అసలైనదేయని పై మెట్టు సాక్ష్యమిచ్చును: క్రింది పేరునకు ‘.ఇన్’, ‘.ఇన్’కు రూట్. రూట్‌నకు 2010 జులై 15న ముద్ర పడినది. ముద్ర కుదరని జవాబును పరీక్షకులు త్రోసివేయుదురు.

ఇది సర్వరోగ నివారిణి కాదు. సంభాషణను దాచదు, అసలు పేరును పోలిన కపటనామమును పట్టియీయదు. ఆ రెండవ లోపమును తీర్చుటకే రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31లోగా బ్యాంకులన్నియు ‘.బ్యాంక్.ఇన్’ నామములకు మారవలయునని ఆదేశించెను. ఆ నామములను హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ ఒసగుచున్నది. మేము సంతసించితిమి. కాని పేరును కాపాడుట వేఱు, ఆ పేరునకు వచ్చు జవాబును కాపాడుట వేఱు, రెండును వలయును.

ముద్ర వేసినంతనే చాలదు. ఇంటర్నెట్టు కంపెనీల సర్వర్లు దానిని పరీక్షింపనిచో బ్యాంకు పడిన శ్రమ వ్యర్థము. ముద్రలో పొరపాటు దొరలిన అసలు పేరే అందకపోవునని కొందఱు జంకుచున్నారు. నిజమే, కాని కాయుట కష్టమని గట్టు వేయుట మానుకొన్న రైతు మన డెల్టాలో నున్నాడా?

పాఠకులారా! మీ పేరునకు ముద్ర కలదా యని మీ బ్యాంకును, ఆ ముద్రను పరీక్షించుచున్నారా యని మీ ఇంటర్నెట్టు కంపెనీని అడుగుడు. సొమ్ము మనది, అడుగు హక్కును మనదే.