చింతచెట్టును నమ్ముకుని బీటా ఎక్కించకండి

అఫ్జల్‌గంజ్‌లో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఓ ముసలి చింతచెట్టుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరి మీద పడ్డప్పుడు, ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారని చెప్తారు. వేలమంది కొట్టుకుపోయారు. మరి తర్వాత నిజాం ప్రభుత్వం ఊరంతా చింతచెట్లు నాటించిందా? లేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వరదని ఊరికి ఎగువనే ఆపాలన్నారాయన. 1920కి ఉస్మాన్ సాగర్, 1927కి హిమాయత్ సాగర్ తయారయ్యాయి.

మన లినక్సు వీరులకి మాత్రం ఈ ముక్క ఇంకా బుర్రకెక్కలేదు. "బ్యాకప్ ఉంది కదండీ, ఏమవుద్ది!" అంటూ రోజూ పనిచేసుకునే మెషీన్లోనే బీటా ఎక్కించేస్తారు. బ్యాకప్ ఉండాల్సిందే, కాదనను. కానీ అది చింతచెట్టు, మునిగాక ఎక్కేది. పైగా చాలామంది బ్యాకప్ అనుకునేది టైమ్‌షిఫ్ట్ స్నాప్‌షాట్‌ని. మీరు ప్రత్యేకంగా చెప్తే తప్ప అది హోమ్ ఫోల్డరు జోలికి పోదు. సిస్టమ్ వెనక్కొస్తుంది, పిల్లల ఫోటోలు రావు.

ఇంకో రకం పెద్దమనుషులున్నారు. "అసలు బీటా జోలికెందుకు?" అంటారు. ఎందుకంటే మనది తెలుగు కాబట్టి. 2018 ఫిబ్రవరిలో ఒక్క 'జ్ఞా' దెబ్బకి ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా అదే గోల. అంత పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేరే విడుదలయ్యాక అలా దొరికిపోయింది. మన ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడుతున్నాయో లేదో ముందే మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారండీ?

కాబట్టి పరీక్షించాల్సిందే, కానీ వరదని ఎగువనే ఆపి. కొత్త డిస్ట్రో అయితే వర్చువల్ మెషీన్లో పెట్టండి. ముందు స్నాప్‌షాట్ తీసుకోండి, షేర్డ్ ఫోల్డర్లు ఆపేయండి. ర్యామ్ చాలదంటారా? లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయండి. ఇన్‌స్టాల్ బటన్ నొక్కనంతవరకూ, హార్డ్ డిస్కుని మీరుగా తెరవనంతవరకూ పాత సిస్టమ్ చెక్కు చెదరదు. వైఫై, గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తాయో లేదో తేలేది కూడా అక్కడే, వర్చువల్ మెషీన్లో తేలదు.

ఒక్క ప్రోగ్రామే అయితే దానికో వేరే యూజర్ ఖాతా తెరవండి. కొత్త వెర్షన్ మీ సెట్టింగులనీ డేటాబేసునీ తన పద్ధతిలోకి మార్చేసుకుంటే, పాత వెర్షన్ వాటిని చదవలేకపోవచ్చు. 2019లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 67 నుంచీ, కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ని పాతది తెరవనంటుంది. ప్రోగ్రామ్‌ని వెనక్కి తెచ్చినా డేటా వెనక్కి రాదన్నమాట!

ఇంత చేశాక 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్ఞానం' టైపు చేసి చూడండి. బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏం చెరుగుతోందో గమనించండి. తేడా ఉంటే ఊరికే తిట్టుకుని వదిలెయ్యకుండా, వెర్షన్ నంబరుతో సహా బగ్ రాయండి. సొంత డేటాని పణంగా పెట్టడం ధైర్యమేం కాదు, బద్ధకం. అసలు బీటా ముట్టుకోకపోవడం జాగ్రత్తా కాదు, అదీ బద్ధకమే.