క్యాలిబర్ కాదు నాయనా, గురి ముఖ్యం!

అమెరికా కొండల్లో ఎల్క్ వేటకని రైఫిల్ ప్రత్యేకంగా చేయించుకునే మనవాళ్ళని చూస్తున్నా. (ఇండియాలో సరదా వేట నేరం కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు.) అందరిదీ ఒకటే ప్రశ్న: దూరం కొట్టాలంటే ఏ క్యాలిబర్? ల్యాప్‌టాప్ కొన్నట్టు స్పెసిఫికేషన్లు పోల్చుకోవడమే! 2007లో 6.5 క్రీడ్‌మూర్ వచ్చింది, 2018లో 6.5 పీఆర్సీ, 2022లో 7 ఎంఎం పీఆర్సీ. మరి 1925 నాటి .270 వించెస్టర్‌తో పడ్డ ఎల్క్‌లు ఇప్పుడు పడనంటాయా?

లెక్క చూడండి. 600 గజాలు పోవడానికి క్రీడ్‌మూర్ తూటాకి ముప్పావు సెకను పైనే పడుతుంది. ఈలోగా జంతువు ఒక్క అడుగేస్తే గుండెకి తగలాల్సింది పొట్టకి తగుల్తుంది. గంటకి 10 మైళ్ళ అడ్డగాలి తూటాని దాదాపు రెండడుగులు పక్కకి నెడుతుంది. మాగ్నమ్ కొంటే ఈ అంకెలు కాస్త తగ్గుతాయంతే, మాయమవవు. పైగా అంతే బరువున్న రైఫిల్లో .300 విన్ మాగ్ తన్ను దాదాపు రెట్టింపు. తన్నుకి జడిసి కళ్ళు మూసుకుని ట్రిగ్గర్ లాగేవాడికి ఏ క్యాలిబరైతే ఏంటి?

నా మాట ఇదీ: భయపడకుండా, జేబు తడుముకోకుండా ఏడాదికి కొన్ని వందల తూటాలు కాల్చగలిగేదే మీ క్యాలిబర్. అది పాత .308 అయినా సరే. ఇక దూరమంటారా, రైఫిల్‌ని కాదు, మీ గురిని అడగండి. నేలమీద కూర్చుని, గాలిలో, మొదటి తూటాయే అన్నం పళ్ళెమంత చోట తగిలే దూరమే మీ హద్దు. 250 గజాలైతే 250 గజాలే. మిగతాది నడవండి!

గురి తప్పితే మనకి పోయేది ఒక తూటా. పొట్టలో దాన్ని మోస్తూ రాత్రంతా ఈడ్చుకునేది ఆ జంతువు. ప్రాణమున్నదాని మీద టెస్టింగ్ చేసే హక్కు మనకెవరిచ్చారు?