‘90 రోజుల్లో సిక్స్‌ప్యాక్’ ఫ్లెక్సీలు దించండి!

జిమ్‌కు వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వాళ్ల అమ్మానాన్నలకు, జిమ్ యజమానులకు, ట్రైనర్లకు మనవి.

‘90 రోజుల్లో సిక్స్‌ప్యాక్ గ్యారంటీ’, ‘పెళ్లికొడుకులకు స్పెషల్ ప్యాకేజీ’. ఇలాంటి ఫ్లెక్సీలు మన సెంటర్లలో ఎన్ని వేలాడుతున్నాయో మీకు తెలియంది కాదు. వాటిని దించమని అడగడానికే ఈ కరపత్రం. జిమ్‌లు మూసేయమని మేం అనడం లేదు. అవి ఇంకో పది రావాలి. పొట్ట కండలను గడువు పెట్టి అమ్మడం మాత్రం ఆగాలి.

మొదట ఆ గ్యారంటీ సంగతి చూద్దాం. పొట్ట మీద పలకలు అందరికీ పుట్టుకతోనే ఉంటాయి. ఛాతీ కింది నుంచి పొత్తికడుపు దాకా నిలువునా దిగే కండరాన్ని, అడ్డంగా పోయే గట్టి నారపట్టీలు గళ్లుగా విడదీస్తాయి. ఆ పట్టీలు ఎన్నో, రెండు పక్కలా ఒకే వరుసలో ఉంటాయో లేదో పుట్టకముందే ఖాయమైపోతుంది. కొందరికి నాలుగు పలకలే తేలతాయి, కొందరికి ఎనిమిది. ఎంత గొప్ప ట్రైనరైనా కొత్త గీత గీయలేడు. కసరత్తుతో కండ మందమవుతుంది, అంతే. అది పైకి కనబడాలంటే మీదున్న కొవ్వు పలచబడాలి. మగవాళ్లకు ఒంటి కొవ్వు సుమారు 10–12 శాతానికి దిగితే గాని పలకలు తేటగా కనిపించవు. ఆడవాళ్లకు ఆ అంకె ఇంకొంత ఎక్కువే ఉంటుంది. ఇంకా దించాలని తిండి మానేస్తే నెలసరే ఆగిపోవచ్చు.

ఇప్పుడు లెక్క వేయండి. 80 కిలోల మనిషి, ఒంట్లో కొవ్వు 28 శాతం. కండ ఒక్క గ్రాము కూడా పోకుండా 12 శాతానికి రావాలంటే పద్నాలుగున్నర కిలోల కొవ్వు కరగాలి. వారానికి అరకిలో చొప్పున, ఒక్క వారం తప్పకుండా తగ్గినా దాదాపు ఏడు నెలలు. మధ్యలో సంక్రాంతి, మేనమామ కూతురి పెళ్లి, ఆఫీసులో బిర్యానీ పార్టీలు ఎటూ ఉండనే ఉన్నాయి. పోనీ రోజూ వంద క్రంచెస్ చేస్తే? వాటికి ఖర్చయ్యే శక్తి ఒక ఇడ్లీ పాటి కూడా ఉండదు. కిలో కొవ్వులోనేమో సుమారు 7,700 కిలోకాలరీలు. పైగా పొట్ట కసరత్తు చేసినంత మాత్రాన పొట్ట కొవ్వే కరగదు. ఎక్కడి కొవ్వు ముందు తీయాలో ఒళ్లు మనల్ని అడిగి తీయదు.

మరి ఆ 90 రోజుల మాట ఎలా నిలబడుతుంది? ఇక్కడే ప్రమాదం మొదలవుతుంది. గడువు దగ్గరపడుతున్నా అద్దంలో మార్పు కనబడదు. కుర్రాడు సిగ్గుపడతాడు, ఎవరో ఒకరు చెవిలో ‘ఇంజెక్షన్’ అని ఊదుతారు. అలాంటివాటిలో ఒకటైన మెఫెంటర్మిన్ అనే మందు ఆపరేషన్ బల్ల మీద రక్తపోటు పడిపోయిన రోగికి డాక్టర్లు ఇచ్చేది. దాన్ని జిమ్ కుర్రాళ్లకు అమ్ముతూ హైదరాబాదులో పోలీసులకు చిక్కినవాళ్ల వార్తలు పేపర్లలో మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. గుండె దడ, ఆకాశాన్నంటే రక్తపోటు, చివరికి అది లేనిదే ఉండలేని అలవాటు. ఇక స్టెరాయిడ్లతో వృషణాలు కుంచించుకుపోతాయి, సంతానానికి ఎసరు వస్తుంది, గుండె, కాలేయం దెబ్బతింటాయి. పెళ్లి ప్యాకేజీలో ఈ సంగతి ఎవరూ రాయరు!

సినిమాలను తిట్టి చేతులు దులుపుకోవడం మాకిష్టం లేదు. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూసి థియేటర్లు ఈలలతో మోగాయి. 2012లో ‘పూలరంగడు’లో కమెడియన్ సునీల్ కూడా చూపించేసరికి ‘మనకెందుకు రాదు’ అనిపించింది. అనిపించడంలో తప్పు లేదు. కాకపోతే ఒంటిని తీర్చిదిద్దుకోవడం వాళ్ల వృత్తిలో భాగం. ఫొటో షూట్లకు ముందు నీళ్లు తగ్గించడం, ఒంటికి నూనె రాయడం, పైనుంచి లైటు వేయడం కూడా ఆ పనిలోవే. షో రూమ్‌లో సేల్స్ చేసేవాడికి ఏడాది పొడవునా అలా ఉండాల్సిన అవసరమేమిటి?

పొట్ట కండల అసలు పని చూడాలంటే గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లండి. 40 కిలోలకు పైబడిన టిక్కీని (మిర్చి బస్తాను) వీపు మీదికి ఎక్కించుకునే క్షణంలో హమాలీ పొట్ట బిగుసుకుంటుంది, వెన్నెముక నిలబడుతుంది. చొక్కా కింద పలకలున్నాయా లేవా అని ఎవరూ చూడరు. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలిపిన కోడి రామమూర్తి నాయుడు తాలింఖానాలో దండీలు, బస్కీలు తీసి పెరిగినవాడు. ఆయన్ను కలియుగ భీముడన్నారు గాని పొట్ట మీద గళ్లు లెక్కపెట్టలేదు.

అందుకని జిమ్ యజమానులను మేం కోరేది ఇది. ఆ ఫ్లెక్సీ స్థానంలో మూడు నెలల్లో నిజంగా ఇవ్వగలిగింది రాయండి: ‘ఒక్క దండీ తీయలేనివారితో పది తీయిస్తాం, నడుము కొలత తగ్గిస్తాం.’ మన దేశంలో మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. కొలవడానికి ఒక టేపు చాలు. ‘ఇక్కడ ఇంజెక్షన్లు అమ్మం, అమ్మనివ్వం’ అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ప్రొటీన్ పొడి డబ్బా అమ్మితే ట్రైనర్‌కు కమీషన్ ఇచ్చే పద్ధతి ఉంటే ఎత్తేసి, ఆ మేరకు జీతం పెంచండి.

ట్రైనర్లూ, నేర్పేది ఒకటైనా దగ్గరుండి నేర్పండి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిచి పైకెత్తించి, కుడిచేతిని తల వెనక్కి, ఎడమకాలిని ముందుకి నెమ్మదిగా చాపించండి. నడుము కింద మీ అరచేయి పెట్టి చూడండి. సందు వచ్చిందంటే పొట్ట పట్టు వదిలేసినట్టే, అక్కడితో ఆపించండి. ఫోన్ చూసుకుంటూ ‘ఇంకో ఇరవై’ అనడం ట్రైనింగ్ కాదు.

తిండి విషయం క్లుప్తంగా. గుడ్డులో పచ్చసొన తీసి పారేసే తమ్ముడూ, ప్రొటీన్‌లో సుమారు 40 శాతం అందులోనే ఉంది. మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. బరువులెత్తేవాళ్లకు ఇంకొంత కావాలి. గుడ్లు, పప్పు, పెరుగు, చేపలు ఉండగా కండ కోసం పొడి డబ్బాల జోలికి పోవద్దని 2024లో ఆ సంస్థే చెప్పింది.

అమ్మానాన్నలకు ఒక్క మాట. బ్యాగులో సిరంజి కనబడితే కొట్టకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జిమ్‌లో కొత్తగా చేరేవాళ్లు డబ్బు కట్టేముందు ట్రైనర్ ఎక్కడ నేర్చుకున్నాడో, డబ్బాల మీద అతనికేమైనా ముడుతుందో అడగండి. యజమానులూ, కొత్త సంవత్సరం ఆఫర్ల ఫ్లెక్సీ ప్రింటింగ్‌కు ఇచ్చేముందు ఆ ‘90 రోజులు’ కొట్టేయించండి.